శ్యోక్ నీరు తగ్గిన మధ్యాహ్నం

మేం ఆ పోస్టుకు చేరింది జూన్ మొదటి వారంలో, పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలకు. లేహ్ నుంచి రెండు రోజుల ప్రయాణం. ఖర్దుంగ్ లా కనుమ మీద మంచు కురిసింది. కిందికి దిగేసరికి ఇసుక ఎగిరి కళ్లలో పడింది. లారీలో పదకొండుమందిమి ఉన్నాం. ఒక్కొక్కడి దగ్గర కిట్ సంచి, ఇనుప పెట్టె, రెండు కంబళ్లు, రైఫిల్. లారీ ఆగగానే నది చప్పుడు వినిపించింది. అది నీళ్ల చప్పుడు కాదు, నీళ్ల అడుగున దొర్లుతున్న బండల చప్పుడు. ఆ తరువాత పద్నాలుగు నెలలు అది చెవుల్లోంచి పోలేదు.

ఆ నది పేరు శ్యోక్. మంచుకొండల్లో పుట్టి, లోయంతా ఒరుసుకుంటూ వచ్చి, మా పోస్టు దాటాక సరిహద్దు రేఖ కింద నుంచి అవతలి దేశంలోకి వెళ్లిపోతుంది. బూడిద రంగు నీళ్లు. చెయ్యి పెడితే లెక్క ఇరవై దాటకముందే వేళ్లకు స్పర్శ పోతుంది.

ఇది చాలా ఏళ్ల కిందటి మాట. సైన్యం వదిలాక వెళ్లిన ఒమన్ నుంచి తిరిగొచ్చి నెలయింది. మా ఊరు కోరుట్లలో అడిగినవాళ్లందరికీ సైన్యంలో బ్రిడ్జీలు కట్టాననే చెబుతూ వచ్చాను. అది నిజమే, కాకపోతే సగమే. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

మాది ఇంజినీర్ల పటాలం. నాది నాయక్ హోదా. పని రెండు రకాలు. ఒకటి, నది మీది ఇనుప తాళ్ల నడక వంతెనను కాపాడటం. రెండు, గంట గంటకూ నీటిమట్టం చూసి పోస్టుకు చెప్పడం. వంతెన మొదట్లో ఎరుపు తెలుపు పట్టీల గేజీ కర్ర ఉండేది. ఎండ కాసిన రోజు కొండల మీద మంచు కరిగి, ఆ నీరు సాయంత్రానికి మా దగ్గరకు చేరేది. తెల్లవారుజామున తక్కువ, పొద్దుగూకేటప్పుడు ఎక్కువ. వేసవిలో రోజూ ఇదే వరస.

పోస్టు కమాండరు ఒక సుబేదార్. గఢ్వాల్ మనిషి. కొండల్లో పుట్టినవాడు కాబట్టి కొండల గురించి ఎవరి మాటా వినేవాడు కాదు. రేడియో ఆపరేటర్ కడప జిల్లావాడు, పేరు ఓబులేసు. ఆ పోస్టులో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. నన్ను అన్నా అనేవాడు. పని లేకపోయినా వైర్‌లెస్ సెట్ పట్టుకుని నాతో కబుర్లాడేవాడు.

మా ముగ్గురూ కాక చెప్పాల్సిన నాలుగోవాడు ముసలి పోర్టర్. కింది ఊరి బాల్టీ తెగ మనిషి. వీపు మీద బుట్టలో కిరోసిన్ డబ్బాలు మోసేవాడు. డెబ్బై ఒకటి యుద్ధంలో ఆ ఊళ్లు ఒక దేశంలో నిద్రపోయి ఇంకో దేశంలో లేచాయి. అప్పుడు పని మీద దిగువ ఊరికి వెళ్లిన అతని అన్న సరిహద్దు అవతలే ఉండిపోయాడు. ఆ ముక్క సుబేదార్ మాకు మొదటి రోజే చెప్పాడు. జాగ్రత్తగా ఉండమన్నాడు. జాగ్రత్త అంటే నాకు అర్థమైంది ఒకటే: ముసలాయన వచ్చినప్పుడల్లా బుట్ట దింపించి, ఇనుప ఊచతో అడుగు దాకా పొడిచి చూడటం. రోజుకు రెండుసార్లు చూసేవాణ్ని. ఆయన బుట్ట దింపి, నది వైపు తిరిగి నిలబడేవాడు.

నా చేతికి ఏమీ దొరకలేదు. దొరకని కొద్దీ నాకు కసి పెరిగింది. ఏదో ఉండే ఉంటుందనుకున్నాను.

నది గురించి మాకు తెలిసిందంతా ఆయన చెప్పిందే. ఆపరేటర్ టీ పోసి అడిగేవాడు, ఆయన వచ్చీరాని హిందీలో చెప్పేవాడు. వాళ్ల తాత యార్కండ్ వెళ్లే బిడారాల్లో గుర్రాలు తోలాడట. చలికాలం నది గడ్డకట్టాక దాని మీదే దారి. పట్టు, తివాచీలు, ఉన్ని, టీ ఇటు అటు నడిచేవి. నదిని ఒక్క ప్రయాణంలో ఎన్నోసార్లు దాటాలి. దాటలేని గుర్రాల ఎముకలే దారికి గుర్తులు. యార్కండ్ వర్తకులు దీన్ని చావునది అనేవారట. మా ఊళ్లో ఆ పేరు అనం, దాని నీళ్లే తాగుతాం కదా అనేవాడు ముసలాయన.

ఇంకో సంగతి చెప్పాడు. ఎగువన మంచుకొండ నాలుకలాగా జారి వచ్చి నదికి అడ్డం పడుతుంది. నీరు వెనక ఆగుతుంది. కొన్నాళ్లకు మంచుగోడ తెగుతుంది. వాళ్ల తాత కాలంలో అలా తెగి దిగువన పొలాలు, ఇళ్లు, చెట్లు ఏమీ మిగల్చలేదు. ఒక రోజు మమ్మల్ని తీసుకువెళ్లి బండ మీద గీత చూపించాడు. మా వంతెనకు చాలా పైన ఉంది. అక్కడిదాకా నీళ్లొచ్చాయన్నాడు. నేను నవ్వాను. ఆపరేటర్ నవ్వలేదు.

జులైలో ముసలాయన ఒకసారి, ఎగువ దారిలో రాళ్లు జారేటట్టున్నాయి, రెండు రోజులు వెళ్లొద్దన్నాడు. నేను అది సెట్ మీద సుబేదార్‌కు చెప్పాను. ఎవరి మాటా వినని ఆయన ఆసారి పెట్రోలింగ్ ఆపాడు. రాళ్లు జారలేదు. పై ఆఫీసరు ఎందుకు ఆపావని అడిగాడు. ఆ సాయంత్రం సుబేదార్ నన్ను అందరి ముందూ నిలబెట్టి, ఇకనుంచి సెట్ మీద అంకెలే చెప్పాలి, పోర్టర్ల కబుర్లు వద్దు అన్నాడు. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. కోపం సుబేదార్ మీద రాలేదు. ముసలాయన మీద వచ్చింది.

ఆగస్టులో ఆ రోజు వచ్చింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. జెర్కిన్లు విప్పి చొక్కాల మీద ఉన్నాం. మధ్యాహ్నం పన్నెండుకి గేజీ మూడు మీటర్లకు కాస్త పైన ఉంది. ఒంటిగంటకు రెండు పాయింట్ ఎనిమిది. రెండింటికి రెండు పాయింట్ రెండు. అంత ఎండలో నీరు పెరగాలి గానీ తగ్గకూడదు. నేను అంకెలు చెప్పాను. సుబేదార్ సంతోషించాడు. నది మధ్యలో గులకరాళ్ల దిబ్బ మీద వంతెన తాడుకు ఒక లంగరు ఉంది. అది వదులై నెలరోజులైనా నీళ్ల వల్ల ఎవరూ వెళ్లలేకపోయారు. ఇప్పుడు నడిచి వెళ్లొచ్చు. రెండుంబావుకు ఆరుగురిని దింపాడు. ఆ ఆరుగురిలో సెట్ మోసుకుని ఆపరేటర్ కూడా వెళ్లాడు.

ముసలాయన బుట్ట పారేసి పరుగెత్తుకుంటూ వచ్చింది రెండున్నరకు. గేజీ ఒకటి పాయింట్ నాలుగు. ఆయనకు ఊపిరి అందడం లేదు. నా చేతిని పట్టుకున్నాడు. అంతకుముందు ఎప్పుడూ నన్ను ముట్టుకోలేదు.

“నీళ్లు ఎండిపోలేదు సాబ్. పైన ఎవరో దాని గొంతు పట్టుకున్నారు. వదిలేస్తారు. మీవాళ్లను బయటికి రమ్మను.”

చెబుతానన్నాను. చేతిలో సెట్ ఉంది. అప్పుడే ఆపరేటర్ మాట వచ్చింది.

“అన్నా, నీళ్లు మోకాలి కాడికి గూడా లేవు. మా ఊరి వంకలో నడిచినట్టే ఉండాది. ఏమన్నా కబురుండాదా? ఓవర్.”

“ఏం లేదు తమ్మీ. గేజీ ఒకటి పాయింట్ నాలుగు. ఓవర్.”

నేను అన్నది అంతే. సుబేదార్ ఆర్డరు ఉందని ఎన్నో ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. ఆర్డరు ఒక సాకు. అసలు సంగతి, నేను ఆ మనిషిని నమ్మలేదు. అవతల అన్న ఉన్నవాడు మా వంతెన బాగవ్వాలని ఎందుకు కోరుకుంటాడు అనుకున్నాను. ముసలాయన నా ముఖం చూశాడు. అర్థమైంది. నన్ను వదిలేసి చేతులు ఊపుతూ, అరుస్తూ గట్టు వెంబడి కిందికి పరుగెత్తాడు. కంగారులో ఆయన అరిచేది బాల్టీ భాష. దిబ్బ మీద ఉన్నవాళ్లకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

రెండూ యాభైకి మొదట వాసన వచ్చింది, తడిసిన బురద వాసన. తరువాత నా కాళ్ల కింద గట్టు వణికింది. తరువాత మలుపులో నది కనిపించింది. నీళ్లు కాదు, నడిచొచ్చే గోడ. రాళ్లు, మంచు దిమ్మలు, చెట్లు కలిసిపోయిన గోధుమరంగు గోడ. అప్పుడు విజిల్ ఊదాను. సెట్‌లో అరిచాను. వాళ్లు పనిముట్లు వదిలేసి పరుగు తీశారు. ఐదుగురు గట్టెక్కారు. అందులో ఇద్దరిని నడుముకు తాడు కట్టుకుని దిగి లాగింది ముసలాయనే. ఆపరేటర్ వీపు మీద సెట్ బరువు ఉంది. అందరికంటే వెనక వస్తున్నాడు. గట్టు ఇక పాతిక అడుగులు ఉంది.

వంతెన పోయింది. గేజీ కర్ర పోయింది.

తొమ్మిది రోజులు వెతికాం. బైనాక్యులర్లతో సరిహద్దు దాకా ప్రతి మలుపూ చూశాం. అవతలి సైన్యానికి కబురు పంపారు. ఏమీ దొరకలేదని జవాబు వచ్చింది. విచారణ జరిగింది. నన్ను అడిగిన ప్రశ్నల్లో ఒకటి, ముందుగా ఎవరైనా హెచ్చరించారా అని. లేదు సార్ అన్నాను. పోర్టర్‌ని ఎవరూ పిలవలేదు. ఆయన కూడా మళ్లీ పోస్టుకు రాలేదు.

కాగితాల్లో ఆపరేటర్ గల్లంతైనవాడు. అతని సామాను ఇంటికి పంపాలి. పెట్టె తాళానికి చెవి దొరకలేదు. సుత్తితో ఆ తాళం పగలగొట్టింది నేనే.

పదిహేడేళ్ల సర్వీసు ముగించి ఇంటికొచ్చాను. కొన్నాళ్లకు ఒమన్ వెళ్లాను. ఇబ్రి బయట ఒక కంపెనీ రోడ్డు పని చేస్తోంది. నాది క్యాంపు గేటు దగ్గర సెక్యూరిటీ డ్యూటీ. పొద్దున ఐదు నుంచి సాయంత్రం ఐదు. ఎండకు ఇనుప గేటు పట్టుకుంటే చర్మం కాలేది. క్యాంపులో జగిత్యాల, నిర్మల్ వైపువాళ్లు ఎక్కువ. బెంగాలీలు, పాకిస్తానీలు కూడా ఉన్నారు.

మూడో నెలలో ఒక వెల్డర్ వచ్చాడు. నలభై ఏళ్లు ఉంటాయి. పేరు గులాం. పతాకా చూసి ఏ ఊరని అడిగాను. ఒమన్‌లో పతాకా అంటే గుర్తింపు కార్డు. స్కర్దూ వైపు అన్నాడు. శ్యోక్ దిగువన, అవతలి దేశంలో ఉన్న ఊరు అది. ఆ మాట చాలు. ఆ రోజు నుంచి మూడు నెలలు, లోపలికి వచ్చే బస్సులో ముప్పైమంది ఉంటే అతని సంచి ఒక్కటే దింపించేవాణ్ని. టిఫిన్ డబ్బా మూత కూడా తీయించాను. అతను తీసి చూపించేవాడు. చుట్టూ మనవాళ్లు నవ్వేవారు. నాకు అది బాగుండేది. ఇలా రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది, కానీ బాగుండేది.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం. సైట్ పక్కన వాదీ ఉంది. మన వాగు లాంటిదే గానీ ఏడాదంతా ఎండి రాళ్లే. ఉదయం కొండల మీద నల్లగా కమ్మింది. మా దగ్గర మాత్రం ఎండే. పదిగంటలకు వాదీ మధ్యలో సన్నటి పాయ కదిలింది. మనవాళ్లు పది పన్నెండుమంది కిందికి దిగి ఫోన్లతో వీడియోలు తీసుకుంటున్నారు. నేను గట్టు మీద ఉన్నాను. ఎక్కడినుంచి వచ్చాడో గులాం వచ్చాడు. బయటికి రండని హిందీలో అరుస్తూ లోపలికి దూకాడు. వాళ్లు నవ్వారు. అతను జగిత్యాల మేస్త్రీని చొక్కా కాలర్ పట్టుకుని ఈడ్చాడు. మేస్త్రీ అతని చెంప మీద కొట్టాడు. గులాం వదల్లేదు. ఈసారి నేను ఆగలేదు. దిగి, మిగతావాళ్లను తోసుకుంటూ పైకి తెచ్చాను. ఆరు నిమిషాలు కాకముందే వాదీ నిండుగా వచ్చింది. కంపెనీ నీళ్ల ట్యాంకరు దొర్లుకుంటూ పోయింది.

అతని పెదవి చిట్లి రక్తం కారుతోంది. నీళ్ల సీసా ఇచ్చి, ఇంత ముందుగా ఎలా తెలిసిందని అడిగాను.

శ్యోక్ ఒడ్డున పుట్టానని చెప్పాడు. పైన నీళ్లకు ఏమైందో కిందివాళ్లకు తెలియకపోతే బతకలేరన్నాడు. తరువాత నన్ను తేరిపార చూసి, “నువ్వు అటువైపు ఫౌజీవి. నీ నడక చూసి మొదటి రోజే తెలిసింది. నది పేరు చెప్పగానే నీ ముఖం మారింది. అక్కడ పనిచేశావు, కదా?” అన్నాడు.

అవునన్నాను. ఏ ఏడు అని అడిగాడు. చెప్పాను. అతను సీసా కింద పెట్టాడు.

ఆ ఆగస్టు వాళ్ల ఊళ్లో కూడా నది తగ్గిందట. పెద్దలు పశువులను, ఆడవాళ్లను మెరక మీదికి తోలారు. వరద వెళ్లిపోయిన రెండో రోజు పొద్దున, నది మలుపులో ముళ్లపొదల్లో ఒక మనిషి చిక్కుకుని ఉన్నాడు. ఒంటి మీద బట్టలు లేవు. నడుముకు నల్లతాడు, దానికి చిన్న తాళంచెవి. ఆ తాడు చూసి అటువైపువాడని తెలుసుకున్నారు. పోస్టుకు చెబితే ఊరు ఊరంతటినీ కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతారు. ఎవరికీ చెప్పకూడదని పెద్దలు తీర్మానించారు. స్నానం చేయించి, గుడ్డ చుట్టి, మధ్యాహ్నం లోపల జర్దాలు పళ్ల తోట పైన గట్టు మీద పూడ్చారు. తవ్వినవాళ్లలో గులాం ఒకడు.

మొలతాడు మన మగవాళ్లందరికీ ఉంటుంది. తాళంచెవి అందరికీ ఉండదు. పోస్టులో ఓబులేసు పెట్టె తాళం మీద నా సుత్తి దెబ్బలు ఎన్ని పడ్డాయో నాకు గుర్తుంది. ఆ మనిషి ఓబులేసే. మూడు నెలల సంచి సంగతి ఎత్తి క్షమించమన్నాను. అతను పెదవి తుడుచుకుని క్యాంపు వైపు నడిచాడు.

ఆపరేటర్ భార్య రమణమ్మ మస్కట్‌లోనే ఉందని నాకు తెలుసు. బౌషర్‌లో ఒకరి ఇంట్లో పనికి వచ్చి నాలుగేళ్లయింది. పండగలకు ఫోన్ చేసేవాణ్ని. తరువాతి శుక్రవారం ఇబ్రిలో ఆరింటి బస్సు ఎక్కాను. ఆమెకు రెండు గంటలు సెలవు దొరికింది. దార్సైట్‌లో కృష్ణుడి గుడి బయట, నీడలో కూర్చున్నాం. ముందు గులాం చెప్పింది చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. ఏడవలేదు.

“పూడ్సినారా? మంచిదే. మా ఇండ్లల్లో గూడా పూడ్సేదే. నేను ఇన్నేండ్లు నీళ్లల్లోనే ఉండాడు అనుకుంటాంటి.”

అక్కడితో ఆగిపోవచ్చు. ఆమె కాస్త కుదుటపడింది కూడా. కానీ రెండోది చెప్పడానికే వచ్చాను. ముసలాయన నా చెయ్యి పట్టుకోవడం, ఓబులేసు కబురుందా అని అడగడం, నేను లేదనడం, విచారణలో అబద్ధం ఆడటం, అన్నీ చెప్పాను. ఆమె నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసింది.

“ఆయప్ప అడిగినాడు గదా. నోరు తెరిసి అడిగినాడు గదన్నా. ఎందుకు చెప్పకపోతివి?”

“నమ్మలేనమ్మా ఆ ముసలాయన్ని.”

“నిన్ను నమ్మినాడు ఈయన.”

తరువాత గులాం నంబరు అడిగింది. నా ముందే వీడియో కాల్ చేసింది. ఇళ్లల్లో నేర్చిన హిందీ, మధ్యమధ్య అరబ్బీ. ఏ గుడ్డ చుట్టారని అడిగింది. మా అమ్మ నేసిన ఉన్ని శాలువ అని అతను చెప్పాడు. గట్టు మీదికి ఎండ తగులుతుందా, అక్కడినుంచి ఏం కనిపిస్తుంది, సమాధి పైన ఏముంది అని అడిగింది. ప్రతి వసంతంలో మట్టి జారుతుందని, ఊరివాళ్లు రాళ్లు మళ్లీ పేరుస్తారని అతను చెప్పాడు. అప్పుడు ఏడ్చింది. అతనికి చేతులెత్తి మొక్కింది. ఫోను పెట్టేసి లేచి, చెప్పులు తొడుక్కుంది.

“నువ్వు ఇంక నాకు ఫోన్ చెయ్యొద్దన్నా,” అన్నది. రోడ్డు దాటి బస్సెక్కి వెళ్లిపోయింది.

క్యాంపులో మరో ఏడాది పనిచేశాను. గులాం, నేను స్నేహితులం కాలేదు. ఎదురుపడితే తల ఊపేవాడు, అంతే. నెలకోసారి రమణమ్మ అతనికి ఫోన్ చేసేదని మాత్రం తెలుసు. పతాకా గడువు తీరాక హైదరాబాద్ విమానం ఎక్కాను. కోరుట్ల చేరిన మూడో రోజు పటాలం రికార్డు ఆఫీసుకు ఉత్తరం రాశాను. ఆ రోజు హెచ్చరిక వచ్చిందని, ఇచ్చినవాడు ఫలానా ఊరి పోర్టర్ అని, దాచినవాణ్ని నేనని రాసి సంతకం పెట్టాను. సమాధి సంగతి రాయలేదు. ఆ ఊరివాళ్లను ప్రశ్నలు అడిగే కాగితం నా చేతినుంచి వెళ్లకూడదు. జవాబు ఇంకా రాలేదు.

ఎవరికీ చెప్పనిది ఒకటి మిగిలింది. రమణమ్మకూ చెప్పలేకపోయాను. రెండున్నర దాటి నాలుగైదు నిమిషాలయింది. ముసలాయన అరుస్తూ కిందికి పరుగెత్తుతున్నాడు. నది మధ్యలో నీరు తగ్గి చిన్న గుంటలో చేపపిల్లలు చిక్కుకున్నాయి. వీపు మీద సెట్‌తోనే ఓబులేసు మోకాళ్ల మీద కూర్చున్నాడు. రెండు చేతులతో వాటిని దోసిలి పట్టి, పారే పాయలోకి విసురుతున్నాడు. అతను వంగినప్పుడల్లా ఏరియల్ ఊగుతోంది. ఒకసారి తల ఎత్తి, నేను చూస్తున్నానని నాకు తడి దోసిలి చూపించాడు. మాట్లాడాలంటే నొక్కాల్సిన సెట్ మీట మీదే నా బొటనవేలు ఉంది.